పొగ మీద మూడురోజుల సదస్సు

ఒక పెద్ద అడవి ఉండేది. ఎంత పెద్దదంటే, అందులో పీల్చే గాలికి కూడా ఒక ఆఫీసు ఉండేది.

ఆ ఆఫీసు పేరు సేద్యపు గాలి పరిశోధనా సంస్థ. కొండ నెత్తిన, గాలికి ఏ లోటూ లేని చోట కట్టారు దాన్ని. లోటంతా కింద, దిగువలోయలో. అక్కడ అడవిపందులు చోళ్ళు పండించేవి. కోత అయ్యాక పొలంలో మిగిలిన దుబ్బులకు నిప్పు పెట్టేవి. పక్కనే అడవిదున్నల కొట్టం, దాని వెనక ఇల్లంత పెంటకుప్ప. పొగా, పెంట ఘాటూ కలిసి లోయలో కమ్ముకుంటే పంది కూనలు డొక్కలెగరేసి దగ్గేవి.

సంస్థలో ఇరవైముగ్గురు ఉద్యోగులు. వాళ్ళలో లోయకు దిగేది ఒక్కతే. ఆమె చుంచెలుక. పేరు పరిమళ.

చుంచెలుకకు ఆ పేరు ఎవరు పెట్టారని అడక్కండి. పెట్టిన రోజు వాళ్ళమ్మకు జలుబు. పరిమళ గదిలోకొస్తే అందరూ కాస్త జరిగి కూర్చునేవాళ్ళు. లోయలో గాలి పాడవుతోందని ఆమె మొదటి రిపోర్టు పట్టుకెళ్ళినప్పుడు, "నువ్వు ఆ కిటికీ పక్కన నిలబడి చెప్పమ్మా" అన్నాడు డైరెక్టరు.

అయినా పరిమళ పని మానలేదు. లోయలో నలభై పుల్లలు పాతి, వాటికి సాలెగూళ్ళు కట్టి, రోజూ గూళ్ళమీద పడ్డ మసి నలుసులు లెక్కపెట్టేది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గాలి లోయలోంచి కొండకు ఎక్కుతుందనీ, సాయంత్రం కొండ దిగి లోయలో పడుకుంటుందనీ కనిపెట్టింది. వాగు వెంబడి మాత్రం ఎప్పుడూ కాస్త చల్లటి, శుభ్రమైన గాలి పారుతూ ఉంటుందని కూడా కనిపెట్టింది. ఇలా మూడేళ్ళు గడిచాయి.

మూడేళ్ళకు ఆమె చేతికి ఒక మంచి సంగతి చిక్కింది. దుబ్బుల్ని కాల్చకుండా పీకి, పెంటకుప్ప మీద పొరలు పొరలుగా కప్పాలి. పొగ అసలుండదు. పెంట ఘాటు సగానికి సగం చచ్చిపోతుంది. ఆరునెలలకు ఎరువు తయారు. కుప్పలో ఒక మూల తానే కప్పి చూసుకుంది. అక్కడ నిలబడితే కళ్ళు మండలేదు.

పరిగెత్తుకుంటూ కొండెక్కి డైరెక్టరు గదిలోకి వెళ్ళింది.

డైరెక్టరు నెమలి. పేరు డాక్టర్ కలాపేంద్ర. పింఛం అడ్డమొస్తుందని ఆయన గదికి గుమ్మం వెడల్పు చేయించారు. సంస్థ బడ్జెట్టు ఆ ఏడాది ఎక్కువగా గుమ్మానికే సరిపోయింది.

"సార్, నెల తిరక్కుండానే పందులు పొలాలు కాలుస్తాయి. ఈలోపు నేను వెళ్ళి చెప్పొస్తాను" అంది పరిమళ.

"వెళ్ళి చెబుతావా?" కలాపేంద్ర మెడ చాచాడు. "దేనితో?"

"నోటితోనే సార్."

"నోటితో చెబితే రికార్డేముంటుందమ్మా?"

డైరెక్టరు బల్లమీది కాగితం ఒకటి ఆమెవైపు తోశాడు. అది మృగరాజు కొలువు నుంచి వచ్చిన సర్క్యులర్. వెయ్యికి మించి హాజరు ఉండేలా ఆన్‌లైన్ సదస్సు నడిపిన సంస్థకు 'బంగారు ముక్కు' పురస్కారం ఇస్తారట.

"నీ పరిశోధన మనం దేశానికే పంచబోతున్నాం" అన్నాడు కలాపేంద్ర. "మూడురోజుల సదస్సు. లోయ పందుల్ని కూడా పిలుద్దాం."

"దేశానికి తర్వాత పంచొచ్చు సార్. ఆ లోయలో సిగ్నలే లేదు. పందులు టవరుగుట్ట ఎక్కాలి."

"ఎక్కుతాయి. ఎక్కకపోతే వచ్చే పంటకి విత్తనాలు ఇచ్చేది లేదని చెబుదాం. రోజుకు మూడుసార్లు హాజరు."

"పోనీ ఈ నెలలో మూడోవారం మాత్రం వద్దు సార్. అవి కాల్చే రోజులు."

కలాపేంద్ర మొహం విప్పారింది. "కాల్చే రోజుల్లోనే కాల్చొద్దని చెప్పడం! ఎంత సందర్భోచితం! మూడోవారమే ఖాయం."

అలా ఖాయమైంది.

ఏర్పాట్లన్నీ కొండముచ్చు కంబయ్య చూశాడు. సంస్థలో కంప్యూటరు అతనికొక్కడికే వచ్చు. వచ్చంటే, ఏ బటను నొక్కితే ఎవరి గొంతు ఆగిపోతుందో తెలుసు. దానికే ఆఫీసులో అందరూ అతనికి దణ్ణం పెట్టేవాళ్ళు. ఆహ్వానపత్రంలో డైరెక్టరు బొమ్మ ఆరంగుళాలు, ముఖ్య అతిథి బొమ్మ నాలుగంగుళాలు వేయించాడు. పరిమళ పేరు అడుగున 'తదితరులు' అన్న మాటలో ఇమిడిపోయింది.

"మేడమ్, మీకు పన్నెండు నిమిషాలు" అన్నాడు కంబయ్య మొదట. రెండోవారానికి ఎనిమిదన్నాడు. ముందురోజు నాలుగన్నాడు. "స్వాగతం పెరిగింది మేడమ్. ఏం చెయ్యను?"

పరిమళ తన మూడేళ్ళనీ నాలుగు నిమిషాల్లోకి కుక్కుకుంది. ఇంటిదగ్గర బొరియలో గోడకు చెప్పి చూసుకుంది. ఏడు నిమిషాలు పట్టింది. ఇంకా వేగంగా చెప్పింది. అప్పుడు గోడక్కూడా అర్థం కాలేదు.

సదస్సు రోజున తాను ఆఫీసులో కాకుండా టవరుగుట్ట మీద పందుల మధ్య కూర్చుని మాట్లాడతానని అడిగింది. గదిలో గాలి బాగుంటుంది కదా అని డైరెక్టరు వెంటనే ఒప్పుకున్నాడు.

తెల్లారి తొమ్మిదింటికి పందులు గుట్టెక్కడం మొదలుపెట్టాయి. అందరికన్నా చివర దాలమ్మ వచ్చింది. ఆమె లోయలో పెద్దది. ముట్టె మీద పాత కత్తిగాటు, వెనక ఎప్పుడూ అయిదారుగురు కూనలు. ఆ పూట కూనలు లేవు. వంటినిండా మసి.

పరిమళ ముక్కు ఎగరేసింది. "దాలమ్మక్కా, ఏమిటీ వాసన?"

"ఏటుందమ్మా, అందరం ఒకేపాలి పొలాలు అంటించేసి వచ్చినాం" అంది దాలమ్మ రొప్పుతూ.

"ఒకేసారా? రోజుకొక పొలం కదా కాల్చేది? పక్కన పచ్చి మండలు పట్టుకుని కాపలా కూడా ఉంటారు కదా?"

"కాపలా ఉంటే ఈ మీటింగుకి ఎవులొస్తారు? మూడ్రోజులు ఈడే కూకోవాలంట. నాలుగోరోజుకి నేల తడి ఆరిపోద్ది, విత్తనం మొలవదు. అందుకే అన్నీ ఒకేపాలి."

"అన్నీ అంటే?"

"అరవై పొలాలు."

"మరి కూనలో?"

"వాగు గట్టున గూళ్ళల్లో పడుకున్నారు. గట్టు కాడికి మంట రాదులే."

నిజమే, గట్టు దగ్గరికి మంట ఏ ఏడూ రాలేదు. కానీ ఏ ఏడూ అరవై పొలాలు ఒక్కసారి కాలలేదు. పరిమళ ఫోనులో చెయ్యెత్తే గుర్తు నొక్కింది. కంబయ్య గొంతు వినిపించింది: "మేడమ్, ప్రశ్నలు చివర్లో."

దిగి వెళ్ళిపోదామా అనుకుంది. వెళ్ళిపోతే నాలుగు నిమిషాలూ పోతాయి. మూడేళ్ళు మసి నలుసులు లెక్కపెట్టినందుకు దొరికిన నాలుగు నిమిషాలు. వెయ్యిమంది వింటారు. గట్టు దగ్గరికి మంట రాదంది కదా, దాలమ్మకు తెలియదా? ఇలా తనకు తాను నచ్చజెప్పుకుని కూర్చుంది. ఆ కూర్చోవడం ఆమెకు తర్వాత చాలాకాలం గుచ్చుకుంది.

సదస్సు మొదలైంది.

ముందు ప్రార్థన. తర్వాత స్వాగతం. తర్వాత స్వాగతం చెప్పినవారికి అభినందన. డాక్టర్ కలాపేంద్ర పింఛం విప్పి నలభై నిమిషాలు మాట్లాడాడు. గాలి అనేది చాలా ముఖ్యమనీ, గాలి లేకపోతే ఎవరమూ ఉండమనీ, ఈ విషయం తాను చిన్నప్పుడే గ్రహించాననీ చెప్పాడు.

పక్కన అక్షరాల వరసలో "గుడ్ మార్నింగ్ సర్", "అద్భుతం సర్", "సర్టిఫికెట్ ఎప్పుడు సర్" అని వర్షం కురిసింది.

ఎవరో ఎలుగుబంటి మైకు ఆపడం మరిచిపోయి పనసతొనలు తింటోంది. ఆ చప్పుడు డైరెక్టరు మాటలకు తాళంలా పడింది.

తర్వాత ముఖ్య అతిథి, గబ్బిలం ఆచార్యులు. ఆయన తలకిందులుగా వేలాడుతూ మాట్లాడాడు. మర్యాద కోసం వెయ్యిమందీ ఫోనులు తలకిందులు చేశారు. అప్పుడు ఆయన వెనకున్న బోర్డు తలకిందులైంది. కొందరు బోర్డు చదవడానికి ఫోను తిప్పారు, కొందరు ఆయన మొహం చూడ్డానికి మళ్ళీ తిప్పారు. అరగంట అలా గడిచింది. ఆయన ఏం చెప్పాడో ఎవరూ గమనించలేదు. బహుశా ఆయన కూడా.

అప్పటికి పదకొండు దాటింది. గాలి కొండెక్కే వేళ.

"డైరెక్టరుగారూ, మీ బొమ్మ మసకగా కనిపిస్తోంది" అన్నారెవరో.

"నెట్‌వర్కు బాగాలేదు" అన్నాడు కలాపేంద్ర, దగ్గి.

"ఇప్పుడు అసలు కనపడ్డంలేదు సార్."

"కంబయ్యా, ఇదేదో సాంకేతిక సమస్య. చూడవయ్యా." ఆయన ఇంకాస్త దగ్గాడు. "గొంతు కూడా సాంకేతికంగా పట్టేసింది."

కంబయ్య తీగలన్నీ ఊడదీసి మళ్ళీ తగిలించాడు. కిటికీవైపు మాత్రం చూడలేదు.

"ఇప్పుడు పరిమళగారు నాలుగు నిమిషాల్లో... క్షమించాలి, మూడు నిమిషాల్లో ముగిస్తారు."

పరిమళ గొంతు సవరించుకుంది. పంది పెద్దలంతా ఫోనులు ముందుకు పెట్టుకుని ఆమెవైపే చూస్తున్నారు. గుట్టమీదికి పొగ పాకి వస్తోంది. ఆమె వేగంగా మొదలుపెట్టింది.

"నమస్కారం. పొలంలో దుబ్బులు కాల్చినప్పుడు లేచే పొగ మొదట దగ్గర్లోని గూళ్ళను కమ్ముతుంది. అందువల్ల అది అందరికన్నా ముందు చిన్నపిల్లల ఊపిరితిత్తుల్లోకి..."

ఆగిపోయింది.

తన మాట తనకే వినిపించింది. ఎవరి పిల్లలు? ఏ పొగ? తాను ఎవరికి చెబుతోంది ఇది?

"మేడమ్, రెండు నిమిషాలే ఉంది" అన్నాడు కంబయ్య.

పరిమళ ఫోను కింద పెట్టేసింది. "దాలమ్మక్కా, లే! లెండి అందరూ! గూళ్ళలో పిల్లలున్నారు!"

ఒక ముసలి పంది నసిగాడు. "రెండో హాజరు ఇంకా తీసుకోనేదు గదమ్మా..."

దాలమ్మ తన ఫోనును చెట్టు మొదట్లోకి విసిరేసింది. "నీ హాజరు నువ్వే తిను. విత్తనాలు పోతే పోనీ!"

అంతే, గుట్టంతా కదిలింది. పందులన్నీ తిన్నగా లోయలోకి దూకబోయాయి.

"అటు కాదు!" పరిమళ అరిచింది. ఆమె అరుపు పందికి వినపడేంత పెద్దది కాదు. దాలమ్మ చెవి పట్టుకుని పాకి, మెడమీదికెక్కి, చెవిలోనే అరిచింది. "పొగంతా ఇటే ఎక్కుతోంది. తిన్నగా దిగితే సగంలోనే పడిపోతారు. చుట్టు తిరిగి వాగులో దిగండి. వాగులో గాలి బాగుంటుంది!"

"నీకెలా తెల్సు?"

"మూడేళ్ళు అక్కడే ముక్కు పెట్టుకు కూర్చున్నా!"

దాలమ్మ పక్కకు తిరిగింది. అరవై పందులూ ఆమె వెనకే తిరిగాయి.

"నా వాసన నీకు ఇబ్బందేమో అక్కా" అంది పరిమళ, ఆ పరుగులో కూడా.

"మా పెద్దోళ్ళ ముక్కులు పొగకి ఎప్పుడో సచ్చిపోనాయి. గట్టిగా పట్టుకో."

వాగులో మోకాలి లోతు నీళ్ళు. నీళ్ళమీద గాలి చల్లగా, పీల్చడానికి వీలుగా ఉంది. గట్టు పైన మాత్రం ఏమీ కనపడలేదు. అంతా తెల్లటి, మందమైన పొగ. మంట గట్టు దాకా రాలేదు. పొగ వచ్చింది. కూనలు గూళ్ళలోంచి బయటికొచ్చి, ఒకదాని కింద ఒకటి దూరి దగ్గుతున్నాయి. తల్లులు ముట్టెలతో తోసి ఒక్కొక్కరినే నీళ్ళలోకి దించారు.

దాలమ్మ తన కూనల్ని చూసుకుంది. అయిదుగురు. ఇంకోసారి చూసుకుంది.

"సోమిగాడేడి?"

పెద్దకూన ఏడుస్తూ చెప్పింది. "నిన్ను వెతుక్కుంటానని గుట్టకేసి పోనాడమ్మా."

గుట్టకేసి అంటే పొగలోకి.

దాలమ్మ దూకబోయింది. పరిమళ ఆమె మెడమీంచి ముందే దూకేసింది. "నువ్వు పెద్దదానివి. నీ ముట్టె ఉన్న ఎత్తులో గాలి లేదు. నాకు నేలమీద జానెడు ఉంటే చాలు."

ఆమె పొట్ట నేలకానించి పొగ కిందికి దూరింది. కాలిన దుబ్బుల మొదళ్ళు కాళ్ళకు చురుక్కున అంటుకున్నాయి. కళ్ళు మూసుకుంది. తెరిచినా కనపడేదేమీ లేదు. తన పుల్లల్లో పద్దెనిమిదోది తగిలింది. సాలెగూడు నల్లగా ముద్దయి ఉంది. దాన్ని దాటి ఎడమకు వెళ్ళింది. అక్కడ సన్నటి దగ్గు వినిపించింది.

"సోమీ! సోమీ!"

"అమ్మా!"

"అమ్మ కాదు, నేను. చుంచెలుకని. నన్ను చూడగలవా?"

"నేదు. ఏటీ కనపడ్డంనేదు."

పరిమళ ఒక్క క్షణం ఆలోచించింది. పుట్టినప్పట్నుంచీ ఆమె ఎవరినీ అడగని మాట అడిగింది. "నా వాసన వస్తోందా?"

పొగలోంచి చిన్న ముక్కు చీదిన చప్పుడు. "ఛీ! వస్తన్నాది!"

"శభాష్! దాన్ని పట్టుకుని రా. పొట్ట నేలకి ఆనించు. కంపు తగ్గితే ఆగి వెతుక్కో. ఎక్కువైతే సరైన దారిలో ఉన్నట్టు."

అలా ఇద్దరూ పాక్కుంటూ వచ్చారు. సోమిగాడు దారంతా ఛీ ఛీ అంటూనే ఉన్నాడు. ఆ ఛీ ఆగితే పరిమళకు భయమేసేది. మళ్ళీ వినిపిస్తే ప్రాణం లేచివచ్చేది. వాగు గట్టు మీదినుంచి ఇద్దరూ కలిసి నీళ్ళలోకి దొర్లారు.

దాలమ్మ కొడుకును ముట్టెతో ఎత్తి, నాకి, రెండు తన్ని, మళ్ళీ నాకింది. తర్వాత పరిమళనూ నాకింది. ఆమె జీవితంలో అంత దగ్గరికి ఎవరూ రాలేదు. ఏం చెయ్యాలో తెలియక తుమ్మింది.

సాయంత్రానికి మంటలు వాటంతటవే చల్లారాయి. రెండు పందులకు తోకలు కమిలాయి. సోమిగాడు పదిరోజులు ఆయాసపడి లేచి తిరిగాడు. పరిమళ నాలుగు పాదాలూ బొబ్బలెక్కాయి.

వాగు ఒడ్డున బురదలో పాదాలు పెట్టుకుని కూర్చుని, ఆమె పందులకు చెప్పింది. "వచ్చే కోతకు దుబ్బులు కాల్చొద్దు. పీకి పెంటకుప్ప మీద కప్పండి. పొగుండదు, ఘాటు తగ్గుతుంది, ఎరువు మిగులుతుంది."

పందులు ఇంకా ఏమైనా చెబుతుందేమోనని ఎదురుచూశాయి.

"అయిపోనాదా?" అంది దాలమ్మ.

"అయిపోయింది."

"ఈ రెండు ముక్కలకా మూడ్రోజులు గుట్ట ఎక్కమన్నారు?"

అక్కడ కొండమీద సదస్సు ఆగలేదు. మూడురోజులూ దివ్యంగా జరిగింది. పందులు గుట్టమీద వదిలేసిన అరవై ఫోనులూ చార్జింగు ఉన్నంతసేపూ సదస్సులోనే ఉన్నాయి. చార్జింగు అయిపోయే వేళకు కంబయ్య తీగ తెచ్చి తగిలించాడు. హాజరు వేళ ఒక్కో ఫోనూ అతనే నొక్కాడు. లెక్క వెయ్యిన్ని పన్నెండు తేలింది.

రిపోర్టు మొదటి పేజీలో డాక్టర్ కలాపేంద్ర ఇలా రాశాడు: 'పాల్గొన్న రైతుల్లో ఒక్కరు కూడా మధ్యలో వెళ్ళకపోవడం విశేషం. సాంకేతిక కారణాల వల్ల తొలిరోజు దృశ్యం కొద్దిగా మసకబారింది.' సంస్థకు బంగారు ముక్కు వచ్చింది. దాన్ని తగిలించడానికి గుమ్మం ఇంకాస్త పైకి జరిపారు.

సదస్సులోంచి మధ్యలో వెళ్ళినట్టు రికార్డయింది ఒక్కరే. పరిమళకు మెమో ఇచ్చారు. 'తమకు కేటాయించిన మూడు నిమిషాలలో రెండు నిమిషాలు వృథా చేసినందుకు' ఆమెను శిక్షగా దిగువలోయకు బదిలీ చేశారు. ఆమె ఆ ఉత్తర్వు చదువుకుని ఎంత సంతోషించిందంటే, పైవాళ్ళకు అనుమానం రాకూడదని గంటసేపు ఏడుపు మొహం పెట్టుకు తిరిగింది.

తర్వాతి కోతకు దాలమ్మ ముందు తన పొలంలో దుబ్బులు పీకించింది. మిగతావాళ్ళు ఆమెను చూసి పీకారు. ముక్కులింకా చావని కుర్రపందులు ఇద్దరు ముగ్గురు కలిసి పీకకుండా ఒక మూల అంటించబోతే, సోమిగాడు వెళ్ళి పరిమళను పిలుచుకొచ్చాడు. ఆమె వచ్చి వాళ్ళ పక్కన కూర్చుంది. అంతసేపు ఆ వాసన భరించలేక వాళ్ళే లేచి దుబ్బులు పీకారు.

లోయ మీద ఆకాశం చాలా ఏళ్ళకు నీలంగా కనిపించింది.

మృగరాజు కొలువుకు ఈ సంగతి చేరింది. మూడురోజుల సదస్సుకే గాలి ఇంత బాగుపడితే, రోజూ సదస్సు పెడితే ఇంకెంత బాగుపడుతుందోనని కొలువు ముచ్చటపడింది. డాక్టర్ కలాపేంద్ర స్వయంగా రోజూ ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా, సెలవుల్లో కూడా, రైతులనుద్దేశించి మాట్లాడాలని ఉత్తర్వు వచ్చింది.

పందులు చాలా మర్యాదస్తులు. ఫోనులన్నీ ఒక వెదురుబుట్టలో వేసి, టవరుగుట్ట మీద కొమ్మకు కట్టి, నెలకు రెండు గంపల పనసపండ్లకు కంబయ్యను కాపలా పెట్టారు. అతను గంటకోసారి బుట్టలో చెయ్యి పెట్టి అన్ని ఫోనుల్లోనూ చప్పట్ల గుర్తు నొక్కుతాడు. డైరెక్టరు మొదటి నెల ఉత్సాహంగా మాట్లాడాడు. రెండో నెలలో చెప్పిందే చెప్పాడు. అయిదో నెలలో ఈకలు రాలడం మొదలైంది. ఆపమని కొలువుకు అర్జీ పెట్టుకుంటే, హాజరు ఇంత బాగుండగా ఎలా ఆపుతామని తిరగ్గొట్టారు.

ఆయన ఇప్పటికీ మాట్లాడుతూనే ఉన్నాడు.

నీతి: సదస్సు ఎలా జరిగిందో తెలియాలంటే రిపోర్టు చదవాలి, ఏం జరిగిందో తెలియాలంటే మాత్రం చదవకూడదు.